ఎలివేటర్ దగ్గరే ఉన్నా

కెనడాలోని సస్కటూన్ తెలుగువాళ్ళలో ఎవరినైనా అడిగి చూడండి, చీకటిపడ్డాక ఎర్ర ఎలివేటర్ మలుపు దగ్గర బండి ఆపుతారా అని. చదువుకున్నవాళ్ళు నవ్వేస్తారు. ప్రార్థనకి వెళ్ళేవాళ్ళు "దెయ్యాలు లేవు, దురాత్మలున్నాయి" అని సర్ది చెబుతారు. కానీ ఆపేవాడు మాత్రం ఒక్కడూ దొరకడు.

ఎలివేటర్ అంటే లిఫ్టు అనుకునేరు. కాదు. గోధుమలు పోసి పెట్టే పాతకాలపు చెక్క గాదెని ఈ దేశంలో అలా అంటారు. తాటిచెట్టుకి రెండింతల ఎత్తు. ఊరు దాటి తూర్పుగా అరగంట పైన పోతే, హైవే నుంచి మట్టిరోడ్డు చీలే చోట, రైలు పట్టా పక్కన ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆ పట్టా మీద రైలు రావడం మానేసి చాలా కాలమైంది. గాదెలో గింజ లేదు. కనుచూపు మేరలో ఇల్లు లేదు. ఒకప్పటి ఎర్రరంగు వెలిసిపోయి ఎండిన నెత్తురు రంగుకి తిరిగింది.

గాలి వీస్తే ఆ చెక్కల సందుల్లోంచి ఒక మూలుగు వస్తుంది... గాలే. గాలేనని అందరికీ తెలుసు.

కొన్నేళ్ళ కిందట అక్కడ శ్రీరామ్ అనే కుర్రాడు పోయాడు. చదువుకోడానికి వచ్చినవాడు. జనవరి చలిలో వాడి పాత కారు సరిగ్గా ఆ మలుపులో ఆగిపోయింది. ఎవరికో ఫోన్ చేశాడు. "వచ్చేస్తున్నా, దారిలోనే ఉన్నా" అన్నారట అవతల నుంచి. కారు చల్లబడేదాకా కార్లోనే కూర్చున్నాడు. తర్వాత గాలి తగలకుండా ఎలివేటర్ గోడ చాటుకి చేరాడు. తెల్లారి మంచు ఊడ్చే బండివాడు చూసేసరికి... ఇంకా కూర్చునే ఉన్నాడు. కళ్ళు తెరిచి. రోడ్డు వైపే చూస్తూ.

వస్తానన్న మనిషి ఎవరో ఈరోజుకీ తెలీదు. ఎవరూ నోరు విప్పలేదు. విప్పడానికి మొహం ఉండాలి కదా.

అప్పట్నుంచి మనవాళ్ళలో ఒక మాట పుట్టింది. ఆ దారిలో ఫోన్ వస్తే "వస్తున్నా" అనకూడదు. అన్నామా... వచ్చేది మనం కాదు.

కాలేబు ఇలాంటివి నమ్మే మనిషి కాదు. నరసాపురం దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు, ట్రాక్టర్లు, కోత యంత్రాలు బాగుచేసే షాపులో మెకానిక్. "బండి ఆగిందంటే దెయ్యం కాదు, బ్యాటరీ" అనేవాడు. పైగా ఆ ఏడాదే కొత్త పికప్ ట్రక్కు కొన్నాడు. నల్లటిది, పెద్ద సైజుది, పక్కన నిలబడితే భుజం దాకా వచ్చే బానెట్టు. సంఘపెద్ద పీటర్ గారింట్లో శనివారం కూడికకి వెళ్తే ప్రార్థన అయ్యీ అవకముందే అందర్నీ బయటకి తీసుకెళ్ళి, కొత్త అల్లుణ్ణి చూపించినట్టు చూపించేవాడు.

"మైనస్ నలభైలో కూడా ఇంట్లోంచి బటన్ నొక్కితే చాలు అంకుల్, లేస్తుంది. ఇప్పటిదాకా ఒక్కసారి మొండికెయ్యలేదు. సీటు వేడి, స్టీరింగు వేడి. వెనక సీట్లో అయితే కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు, దానిక్కూడా వేరే హీటరు. వెనక కూర్చున్నోడు బెల్టు పెట్టుకోకపోతే గంట కొట్టి కొట్టి చంపుద్ది. పెట్టుకుంటే ఇదిగో, ఈ తెర మీద పచ్చబొమ్మ వెలుగుద్ది. మా ఆవిడకన్నా ఎక్కువ సాధిస్తది."

"సౌండు ఏమైనా ఉంటదా బాబూ లోపల?" అని పీటర్ గారు అడిగేవారు, మర్యాద కోసం.

"తలుపేసుకుంటే బయట ప్రళయం వచ్చినా వినబడదంకుల్."

ఆ మాట అన్నప్పుడల్లా కాలేబు మొహం వెలిగిపోయేది. తర్వాత ఆ మాటే వాడి గొంతులో ముల్లయింది.

భార్య బేబీ నర్సింగ్ హోములో పనిచేస్తుంది. మాట కింద పడనివ్వని మనిషి. "మీ బండికున్న నిలకడలో సగం మీ మాటకుంటే మన ఇల్లు బాగుపడేది" అనేది అందరి ముందూ. ఆవిడ అనడంలో తప్పు లేదు. కాలేబు నోటికి "వచ్చేశా" అన్నమాట ఊతపదం. ఆ మాటకొస్తే ఒక్క కాలేబేమిటి, మన జాతి మొత్తానికీ అంతే. "వచ్చేశా" అంటే ఇంకా చెప్పులు వేసుకోలేదని. "దారిలో ఉన్నా" అంటే స్నానానికి వెళ్తున్నామని. "ఐదు నిమిషాలు" అంటే ఇక దేవుడి దయ. చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు, అందుకే అది అబద్ధంలా ఉండదు. ఎవరి లెక్క వాళ్ళు వేసుకుని ఆ మేరకి ఆలస్యంగానే బయల్దేరతాం.

బేబీకి ఒక్కడే తమ్ముడు, ఎరిక్. ఏడాది కిందటే వచ్చి యూనివర్సిటీలో చేరాడు. సెలవుల్లో దూరంగా ఒక చిన్న ఊళ్ళో మోటెల్లో పని. వాడి కారు రిపేరులో ఉండటంతో ఆ డిసెంబరంతా కాలేబే వెళ్ళి తీసుకొచ్చేవాడు. మోటెల్లో పనిచేసే పెద్దావిడ ఒకామె ఎరిక్‌ని తన కార్లో ఎలివేటర్ మలుపు దాకా తెచ్చేది. అక్కడి నుంచి ఆవిడ పొలం ఉత్తరానికి. కాలేబు మలుపు దగ్గర వాణ్ణి ఎక్కించుకుని ఊళ్ళోకి. రోజూ ఇదే ఏర్పాటు. "బావ బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు, నా బతుకు నీ చేతిలో ఉంది బావా" అని ఎరిక్ వేళాకోళం ఆడేవాడు.

ఆ సాయంత్రం సంగతి ఇది. ఇక్కడ డిసెంబరులో ఐదింటికే చీకటి పడిపోతుంది, ఆ చీకటి మన అర్ధరాత్రి కన్నా చిక్కగా ఉంటుంది. మైనస్ ముప్పై అయిదు. గాలి లేవబోతోందని మోటెల్ వాళ్ళు ఎరిక్‌ని ముందుగానే పంపించేశారు. ఆ సంగతి కాలేబుకి తెలీదు. వంటింట్లో టీ తాగుతున్నాడు. వాకిట్లో బండి స్టార్టు చేసి పెట్టాడు, వేడెక్కుతోంది.

ఫోన్ మోగింది.

"బావా, ఇవాళ తొందరగా వదిలేశారు. ఇంకాసేపట్లో మలుపు దగ్గరుంటాం. బయల్దేరావా?"

కాలేబు బేబీ వైపు చూశాడు. ఆవిడ గరిటె పట్టుకుని వింటోంది. ఇంకా ఇంట్లోనే ఉన్నానంటే అటు బామ్మర్ది దగ్గరా ఇటు పెళ్ళాం దగ్గరా పరువు పోతుంది.

"వచ్చేశాన్రా. ఎలివేటర్ దగ్గరే ఉన్నా. వెనకాల పెట్టా బండి, ఇంజన్ ఆన్‌లోనే ఉంది."

ఇంజన్ ఆన్‌లో ఉన్నమాట మాత్రం నిజమే.

"ఏంటండీ ఆ అబద్ధం?" అంది బేబీ, ఫోన్ పెట్టగానే.

"ఆవిడ కార్లో వెచ్చగా కూర్చుంటాడులే. నేను వెళ్ళేదాకా ఆవిడేం వదిలి పోదు. ఈ దేశంవాళ్ళు చలిలో కుక్కని కూడా వదలరు" అని మిగిలిన టీ తాగి, కోటు తొడుక్కున్నాడు.

బండి ఎక్కితే ఒళ్ళంతా హాయి. వీపు కింద వెచ్చగా సీటు, చేతుల కింద వెచ్చగా స్టీరింగు. ఊరు దాటేసరికి రోడ్డు మీద మంచు పొడి పాముల్లా అడ్డంగా పాకుతోంది. గాలి బండిని పక్కకి నెడుతున్నా లోపలికి చప్పుడు లేదు. కాలేబు క్రిస్మస్ పాటలు పెట్టుకున్నాడు. ఒకసారి ఎరిక్‌కి ఫోన్ చేస్తే కలవలేదు. ఆ దారిలో సిగ్నల్ పోవడం మామూలేనని ఊరుకున్నాడు.

తొందరేమీ పడలేదు. అదే తర్వాత వాణ్ణి తినేసింది... తొందర పడకపోవడం.

మలుపు దగ్గరికి వచ్చేసరికి మంచు పొగలా కమ్మేసింది. ఎలివేటర్ కనబడలేదు, దాని నల్లటి నీడ మాత్రం కనబడింది. పెద్దావిడ కారు కోసం చూశాడు. లేదు. గాదె చుట్టూ తిప్పి వెనక్కి తీసుకెళ్ళి ఆపాడు.

లైట్ల ముందు మంచు తిరుగుతోంది. మనిషి లేడు.

ఒక క్షణం... ఇంకో క్షణం...

లైట్ల అంచున, వెలుగు ఆగి చీకటి మొదలయ్యే చోట, ఒకడు నిలబడి ఉన్నాడు. కోటు టోపీ కళ్ళ దాకా లాక్కుని, మెడకి చుట్టిన గుడ్డతో మూతి కప్పుకుని ఉన్నాడు. చేతులు రెండూ ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. కదల్లేదు.

"రారా, ఎక్కు" అన్నాడు కాలేబు, లోపల్నుంచే, చెయ్యి ఊపుతూ.

వెనక తలుపు తెరుచుకుంది. చలి ఒక్కసారి లోపలికి వచ్చి కాలేబు మెడ వెనక చెయ్యేసింది. తలుపు మూసుకుంది. సీటు కుంగిన చప్పుడు, సరిగ్గా తన వెనకాలే. ఎరిక్‌కి అలవాటే. అలిసిపోయినప్పుడూ, కోపం వచ్చినప్పుడూ వెనక ఎక్కి పడుకుంటాడు. ఇవాళ కోపానికి కారణం కూడా ఉంది కాబట్టి కాలేబు కిక్కురుమనలేదు. బండి తిప్పి హైవే ఎక్కించాడు.

గంట మొదలైంది. టింగ్... టింగ్... టింగ్...

"బెల్టు పెట్టుకోరా."

టింగ్... టింగ్...

"ఎరిక్, బెల్టు."

"చేతులు..." అంది వెనకాల గొంతు. గొంతు కాదు, ఊపిరి. "చేతులు... రావట్లేదు."

"చలికి కొంకర్లు పోయుంటాయి. హీటరేస్తా ఉండు" అని వెనక సీటు హీటర్ నొక్కాడు కాలేబు. నొక్కి, కాస్త సిగ్గుపడి, "ఎంతసేపైందిరా నిలబడి?" అని అడిగాడు.

"చాలాసేపు."

"ఆవిడ లేదా మరి?"

గంట మాత్రం ఆగకుండా కొడుతోంది. కాలేబు ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడాడు. అక్క చేపల పులుసు పెట్టిందన్నాడు. రేపట్నుంచి ముందే వచ్చి కూర్చుంటానన్నాడు. వెనక నుంచి ఒక్క "ఊఁ" కూడా రాలేదు. ముందు అద్దం కింద నుంచి వేడిగాలి తన్నుకొస్తున్నా మెడ వెనక చలి తగ్గడం లేదు. పక్క అద్దం మీద లోపలి వైపు నుంచి మంచు పువ్వులు పూస్తున్నాయి. ఈ బండి కొన్నాక అద్దాల మీద లోపల మంచు కట్టడం వాడు చూడలేదు.

"ఇంకా చలేస్తోందా?"

"బాగుంది..." అంది ఆ ఊపిరి. "వెచ్చగా ఉంటుందని... అన్నారు..."

ఎవరన్నారు అని కాలేబు అడగబోయాడు.

అప్పుడు బండి స్పీకర్లలో ఫోన్ మోగింది. తెర మీద పేరు వెలిగింది.

ఎరిక్.

కాలేబు వేలు దానంతటదే బటన్ నొక్కింది. ముందు గాలి హోరు. తర్వాత, ఆ హోరు అడుగున, పళ్ళు టకటక కొట్టుకుంటూ ఒక గొంతు.

"బావా... ఎందుకు... వెళ్ళిపోయావ్... నీ లైట్లు చూశా... పరిగెత్తుకొచ్చా... బండి వెనక కొట్టా బావా... చేత్తో కొట్టా... నువ్వు ఆగలా..."

కాలేబు కళ్ళు అద్దం వైపు వెళ్ళాయి. వెళ్ళకుండా ఆపుదామనుకున్నాడు, ఆగలేదు. అద్దంలో ఒక టోపీ. టోపీ కింద చీకటి. ఆ చీకటి వంగి, తన భుజం పక్కకి వచ్చి, ఫోన్ వింటోంది.

టింగ్... టింగ్... టింగ్...

"బావా... ఉన్నావా..."

ఏమనాలి మనిషి? తెలుగువాడి నోటికి ఆ సమయంలో ఇంకే మాట వస్తుంది?

"వస్తున్నా" అన్నాడు కాలేబు. "వస్తున్నారా, వస్తున్నా..."

అంటూ ఉండగానే గుర్తొచ్చింది. ఆ దారిలో అనకూడని మాట.

బండి నిండు వేగంలో ఉంది. ఆ వేగంలోనే వెనక తలుపు తెరుచుకుంది. గాలి, మంచు, చీకటి ఒక్కసారి లోపలికి దూకాయి. తలుపు ధడేల్‌మని మూసుకుంది. గంట ఆగిపోయింది.

ఎరిక్ ఫోన్ కూడా తెగిపోయింది.

కాలేబు బ్రేకు తొక్కి, రోడ్డు పక్కకి లాగి, లైటు వేసి వెనక్కి చూశాడు. సీటు ఖాళీ. సీటు మీద మంచు, మనిషి కూర్చున్నంత మేర. కింద హీటర్ కాలిపోతున్నా ఆ మంచు కరగడం లేదు.

అంబులెన్సుకి ఫోన్ చేసి చోటు చెప్పాడు. ఆ గాలిలో చేరుకోడానికి చాలాసేపు పడుతుందన్నారు వాళ్ళు. స్టీరింగు మాత్రం వెచ్చగా, నున్నగా, ఏమీ జరగనట్టు ఉంది. బండి వెనక్కి తిప్పాడు. రోడ్డు కనబడటం లేదు. గాలి అడ్డంగా కొడుతోంది. అయినా బండి ఒక్క క్షణం తడబడలేదు, ఒక్కసారి జారలేదు. చెప్పినచోటికి చెప్పినట్టు తీసుకెళ్ళింది. ఆ రాత్రి మాట తప్పింది మనిషే గాని యంత్రం కాదు.

"ప్రభువా, వాణ్ణి ఉంచు. నన్ను ఏమైనా చెయ్యి, వాణ్ణి ఉంచు" అని పైకే అంటూ తోలాడు.

ఎలివేటర్ పక్కన, లారీలు గింజలు దించడానికి ఒకప్పుడు వాడిన చెక్కల పంచ ఉంది. అందులో మూలకి, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు ఎరిక్. కళ్ళు తెరిచి. రోడ్డు వైపే చూస్తూ.

కాలేబు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఎక్కడ విన్నాడో ఆ కూర్చోవడం గురించి, వాడికి బాగా తెలుసు.

"ఎరిక్..."

కనురెప్ప మీద మంచు కదిలింది.

"నిజంగా... వచ్చావా బావా?"

కాలేబు ఏడ్చేశాడు. బామ్మర్దిని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. అప్పుడు చూశాడు ఒక సంగతి. మూల అంతా ఖాళీగా ఉన్నా ఎరిక్ ఒక పక్కకి ఒదిగి కూర్చున్నాడు, ఇంకొకరికి చోటిచ్చినట్టు. ఆ చోట దుమ్ము మీద మంచు లేదు. వచ్చిన అడుగులు మాత్రం ఒక్క ఎరిక్‌వే.

ముందు సీట్లో పడుకోబెట్టుకుని తీసుకొచ్చాడు. సగం దారిలో అంబులెన్సు ఎదురొచ్చింది.

ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్ళు నల్లబడ్డాయి. బండిని కొట్టిన చెయ్యి అది. కొట్టేటప్పుడు తొడుగు ఊడిపోయిందట, మంచులో వెతుక్కోలేకపోయాడు. ఏది బతుకుతుందో ఏది బతకదో తేలాలంటే కొన్ని వారాలు ఆగాలన్నారు డాక్టర్లు. ఆ వారాలన్నీ ఎరిక్ ఆ సాయంత్రం గురించి నోరు విప్పలేదు. ఎవరడిగినా గోడవైపు తిరిగి పడుకునేవాడు. బేబీ కాలేబుని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అన్నం పెట్టి, పక్కకి వెళ్ళిపోయేది.

కాలేబు రోజూ ఆ బండిలోనే షాపుకీ ఆసుపత్రికీ తిరిగాడు. వెనక సీటు ఖాళీగానే ఉంది. గంట మోగలేదు. మంచు కట్టలేదు. పీటర్ గారు బండికి ప్రార్థన చేసి, "ఇంకేం లేదు బాబూ, భయపడకు" అన్నారు.

వేళ్ళు నాలుగూ తీసేశారు. బొటనవేలు మిగిలింది. తీసేసిన రోజు సాయంత్రం, మత్తు దిగాక, ఎరిక్ తనంతట తానే మాట్లాడాడు. మంచానికి అటు అక్క, ఇటు బావ.

"ఆవిడ తప్పేం లేదక్కా. రెండుసార్లు అడిగింది, మీ బావ వచ్చాడా, నేను ఉండనా అని. ఇంటి దగ్గర ఆవిడ మనవరాలు ఒక్కతే ఉంది. నాకు మొహమాటమేసింది. 'హీ ఈజ్ ఆల్రెడీ హియర్, వెనకాల ఉన్నాడు' అన్నా. నమ్మి వెళ్ళిపోయింది."

అదీ సంగతి. "వచ్చేశా" అన్నమాట తెలుగులో ఉన్నంతసేపూ ఎవరికీ ఏమీ కాదు, ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంటారు. ఇంగ్లీషులోకి మారిందా, అది ఉత్త నిజం అయి కూర్చుంటుంది. ఆ పెద్దావిడకి మన లెక్క ఎవరు నేర్పారు?

కాలేబు తలవంచుకున్నాడు. "నన్ను క్షమించరా" అన్నాడు.

"నువ్వు వెళ్ళిపోయాక, చలికి ఆగిపోయిన ఫోన్ చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి, నీకు ఒక్క ఫోన్ చేశా. అదీ చచ్చిపోయింది. అప్పుడొచ్చాడు బావా... ఒకడు."

బేబీ తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసింది. "ఎవడు?" అంది మెల్లగా.

"తెలీదు. తెలుగోడే. వచ్చి పక్కన కూర్చున్నాడు. నాకు నిద్రొస్తోంది... ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒప్పుకోలేదు వాడు. నేను నిద్రపోయాను, నువ్వు పోకు అన్నాడు."

కాలేబు కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"మీ బావ వస్తాడా అని అడిగాడు. వస్తున్నా అన్నాడు అని చెప్పా. నవ్వాడు. నాక్కూడా అలాగే చెప్పారు అన్నాడు. తర్వాత ఏం మాట్లాడలేదు. నా చేతుల వైపు చూస్తా కూర్చున్నాడు. ఊరికే... చూస్తానే ఉన్నాడు."

"ఇంక చాల్లేరా, పడుకో" అంది బేబీ.

"నీ లైట్లు కనబడగానే లేచాడు. మీ బావ బండి బాగుంటుంది, వెచ్చగా ఉంటుంది అన్నాడు. నీకెలా తెలుసంటే చెప్పలేదు. వెళ్ళిపోయాడు."

"వెళ్తూ ఏమన్నా అన్నాడా?" అని అడిగాడు కాలేబు. ఎందుకడిగాడో వాడికే తెలీదు.

ఎరిక్ కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ చెప్పాడు.

"వస్తా అన్నాడు బావా."

"అది అందరూ అనే మాటేలే" అంది బేబీ, దుప్పటి సర్దుతూ. "వెళ్ళేటప్పుడు వెళ్తున్నా అంటామా ఏంటి? వస్తా అనే అంటాం."

"అంతే, అంతే" అన్నాడు కాలేబు.

ఇంటి నుంచి బట్టలు తెస్తానని లేచాడు. పార్కింగులో లైట్లు పసుపుగా వెలుగుతున్నాయి. చలి ఆ డిసెంబరు సాయంత్రం లాగే ఉంది. నల్ల బండి పెట్టినచోటే ఉంది. తలుపు తీసి, ఎక్కి, బటన్ నొక్కాడు. మొదటి నొక్కుకే ఇంజన్ లేచింది. ఎప్పుడూ లేచినట్టే.

చెవులు రిక్కించాడు. గంట మోగుతుందని.

మోగలేదు.

ఊపిరి వదిలి, తెర వైపు చూశాడు. బండి బొమ్మ... ముందు రెండు సీట్లు... వెనక మూడు... డ్రైవరు వెనక సీటు దగ్గర బెల్టు గుర్తు పచ్చగా వెలుగుతోంది.

చేతులు రావట్లేదన్నవాడు ఈసారి బెల్టు పెట్టుకున్నాడు.

పక్క అద్దం మీద, లోపలి వైపు నుంచి, ఒక్కొక్కటే మంచు పువ్వు పూస్తోంది. ఆ మంచులో ఎవరో చెయ్యి ఆనించినట్టు గుర్తు పడుతోంది. నాలుగు వేళ్ళు, పొడుగ్గా, స్పష్టంగా. బొటనవేలి గుర్తు లేదు.

కాలేబు వెనక్కి తిరగలేదు. అద్దంలోకి చూడలేదు. దిగి పారిపోదామన్న ఆలోచన వచ్చింది గాని దిగలేదు. ఆ ఊళ్ళో వస్తానని చెప్పి, అన్నమాట ప్రకారం వచ్చినవాడు వాడొక్కడే.

వెనక సీటు హీటర్ నొక్కి, బండి కదిలించాడు.